ఆర్‌ఎక్స్ 100 డర్ట్ బైక్‌కు పవర్ పెంచడం ఎలా? ముందు పోర్టులు, చివర జెట్టు

టూ స్ట్రోక్ ఇంజన్‌కు పవర్ పెంచాలని బయలుదేరిన వాళ్లలో చాలామంది మొట్టమొదట కొనేది పెద్ద కార్బొరేటర్. పని అక్కడే చెడుతుంది. ఇంజన్ ఎంత గాలి పీల్చుకుంటుందో నిర్ణయించేవి పోర్టులు (బ్లాక్ గోడలో గాలి, పొగ వచ్చిపోయే రంధ్రాలు), సైలెన్సర్. కార్బొరేటర్ పని ఆ గాలికి సరిపడా పెట్రోలు కలపడం వరకే. అందుకే దానికి చివర చెయ్యి పెట్టాలి. బెంగళూరులో మట్టి ట్రాకుల కోసం యమహా ఆర్‌ఎక్స్ 100 లను తయారు చేసుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. బోర్ 50 మి.మీ., స్ట్రోక్ 50 మి.మీ., 98 సీసీ. 1996లో తయారీ ఆగిపోయినా జేసీ రోడ్డులో వెతికితే విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి.

ముందుగా ఒక మాట. ఆర్‌సీలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తుంది. ఇక్కడ చెప్పేదంతా ట్రాకుకూ సొంత స్థలానికీ మాత్రమే.

కావలసినవి: స్పానర్లు, టార్క్ రెంచ్, చిన్న ఆకురాయిలు, వెర్నియర్, టంకం తీగ, కొత్త గ్యాస్కెట్లు, కొత్త క్రాంక్ సీల్స్ (క్రాంక్ షాఫ్ట్ పక్కల నుంచి గాలి దూరకుండా ఆపేవి), రెండు మూడు కొత్త ప్లగ్గులు, అసలైన మెయిన్ జెట్లు (కార్బొరేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే రంధ్రపు మరలు) నాలుగైదు సైజుల్లో. జెట్ల దగ్గర డబ్బు మిగుల్చుకోవద్దు. నకిలీ జెట్టు మీద ఒక అంకె, లోపల రంధ్రం ఇంకొకటి.

బ్లాక్, పిస్టన్. బ్లాక్ విప్పండి, బోర్ కొలవండి, అరిగి ఉంటే ఓవర్‌సైజు పిస్టన్‌కు బోరింగ్ చేయించండి. అరిగిన బ్లాక్ మీద పోర్టింగ్ చేయడం డబ్బు దండగ.

పోర్టులు. గ్యాస్కెట్‌కూ పోర్టుకూ మధ్య ఉన్న మెట్టును ఆకురాయితో సాఫు చేయండి. ఎగ్జాస్ట్ పోర్టును నున్నగా చేయండి, ఇన్‌టేక్‌ను అద్దంలా చేయకండి. ఎగ్జాస్ట్ పోర్టు పైఅంచును అర మి.మీ. కంటే ఎక్కువ లేపవద్దు. ఇంకా లేపితే పవర్ అంతా పైవేగానికి ఎగబాకుతుంది, మలుపు తిరిగి గేరు దించినప్పుడు బండిలో పికప్ ఉండదు. మట్టిలో కావలసింది మధ్యవేగం. వెడల్పు పెంచితే రింగు పోర్టులోకి ఉబ్బి అంచుకు తగులుకుంటుంది. పని అయ్యాక అంచులన్నీ కాస్త ఏటవాలుగా రాయడం మరవకండి. గోరు పెట్టి గీస్తే ఎక్కడా పట్టుకోకూడదు.

హెడ్. కంప్రెషన్ పెంచడానికి దాన్ని చెక్కించే ముందు స్క్విష్, అంటే పిస్టన్ పైకొచ్చినప్పుడు దాని అంచుకూ హెడ్‌కూ మధ్య మిగిలే సందు కొలవండి. టంకం తీగ ముక్కలు రెండు, పిస్టన్ పిన్ను వరుసలో చెరో పక్క పెట్టి, హెడ్ బిగించి, కిక్ చేత్తో తిప్పండి. నలిగిన తీగ అంచు మందమే స్క్విష్. 1 మి.మీ. కంటే తక్కువకు దిగవద్దు.

సైలెన్సర్. ఎక్స్‌పాన్షన్ చాంబర్ (మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే టూ స్ట్రోక్ సైలెన్సర్) మీ పోర్టులకు కుదిరినదే కావాలి. చప్పుడు ఎక్కువ వచ్చే పైపులో పవర్ ఎక్కువ ఉండదు.

ఆయిల్. పంపు తీసేసి పెట్రోలులోనే కలపాలి. లీటరుకు 33 మి.లీ., అంటే 30కి 1. పంపు రంధ్రం మూయడం మరవకండి.

ఇక జెట్టు. పైన చెప్పినవన్నీ సరిగ్గా చేసి, ఇక్కడ తొందరపడి ఇంజన్ పట్టేసిన బండ్లు చాలా ఉన్నాయి. పెట్రోలు తక్కువైతే మంట వేడెక్కుతుంది, పిస్టన్ వ్యాకోచిస్తుంది, ఎగ్జాస్ట్ వైపు నిలువు గీతలు పడతాయి, ఆ తర్వాత పట్టేస్తుంది. ప్రమాదం ఏమిటంటే, పట్టేసే ముందు బండి చాలా చురుగ్గా పరిగెడుతుంది. ఆ చురుకును చూసి సెట్టింగ్ కుదిరిందనుకుంటారు.

జెట్టుకు ముందు గాలి లీకు చూడాలి. పాత క్రాంక్ సీల్ గుండా గాలి దూరుతుంటే ఏ జెట్టూ నిలవదు. ఎగ్జాస్ట్, ఇన్‌టేక్ మూసి, గేజి ఉన్న సైకిల్ పంపుతో 6 పీఎస్‌ఐ వరకు గాలి ఎక్కించండి. అయిదు నిమిషాలు ముల్లు కదలకూడదు. కదిలితే సబ్బునీళ్లు పూయండి, బుడగలు ఎక్కడొస్తే లీకు అక్కడే.

యాక్సిలరేటర్ ఎనిమిదో వంతు వరకు పెట్రోలును నిర్ణయించేవి పైలట్ జెట్టు (ఐడిల్‌కు వాడే చిన్న జెట్టు), ఎయిర్ స్క్రూ. పావు నుంచి ముప్పావు వరకు కార్బొరేటర్‌లోని సూది. ముప్పావు దాటాక మెయిన్ జెట్టు. మెయిన్ జెట్టుతో మొదలుపెట్టండి. పాతదానికంటే రెండు మూడు సైజులు పెద్దది వేయండి. బండి పూర్తి యాక్సిలరేటర్‌లో గొణుగుతూ, దట్టంగా పొగ వదలాలి. అక్కడి నుంచి ఒక్కొక్క సైజు తగ్గించుకుంటూ రండి. చిన్న జెట్టుతో మొదలుపెట్టి పైకి వెళదామనే పద్ధతిని దగ్గరకు రానీయకండి. ఎక్కువ పెట్రోలుతో పొరపాటు జరిగితే ప్లగ్గు నల్లబడుతుంది, తక్కువ పెట్రోలుతో జరిగితే బ్లాక్ పోతుంది. జెట్టు రంధ్రాన్ని సూదితో పెద్దది చేసే మెకానిక్ ఎదురైతే బండి తీసుకుని బయటికి వచ్చేయండి.

ప్రతి జెట్టుకూ పరీక్ష ఒకటే. ఇంజన్ వేడెక్కాక కొత్త ప్లగ్గు వేయండి. పొడవైన చదును మీద పై గేరులో పూర్తి యాక్సిలరేటర్‌తో కొన్ని సెకన్లు పోనిచ్చి, కిల్ స్విచ్, క్లచ్ ఒకేసారి నొక్కండి. యాక్సిలరేటర్ మూసి, ఐడిల్‌లో నిలిపి, తీరిగ్గా ఆపితే ప్లగ్గు మీద కనిపించేది ఐడిల్ రంగే. పరుగు మొత్తంలో ఎడమచేతి వేళ్లు క్లచ్ మీదే ఉండాలి. శబ్దం ఒక్కసారిగా మారినా, బండి వెనక్కి లాగినట్టు అనిపించినా వెంటనే క్లచ్ పట్టేయండి.

ప్లగ్గు చల్లారాక టార్చి, భూతద్దం తీసుకోండి. పింగాణీ కొనను చూసి తీర్పు చెప్పవద్దు. అది లోపల లోహాన్ని తాకే అడుగుకు చూపు పోవాలి. అక్కడ వెంట్రుక మందాన కాఫీరంగు వలయం చుట్టూ పూర్తిగా ఉంటే జెట్టు కుదిరినట్టే. వలయం వెడల్పుగా, మసిలా ఉంటే ఇంకో సైజు తగ్గించవచ్చు. అసలు లేకపోయినా, పింగాణీ తెల్లగా ఉండి మెరిసే చుక్కలు కనిపించినా పెద్ద జెట్టు వేసేవరకు బండి స్టార్ట్ చేయవద్దు.

ఇంకో రెండు విషయాలు అందరూ వదిలేస్తున్నారు. ఒకటి, 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2023 ఫిబ్రవరిలో దాన్ని ప్రారంభించింది బెంగళూరులోనే. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత జెట్టుకే మిశ్రమం పలచబడుతుంది, అంటే పెట్రోలు తక్కువైనట్టు అవుతుంది. పాత పుస్తకాల్లోని జెట్టు అంకెలు ఇప్పుడు పనికిరావు. రెండు, ఆయిల్ ఎక్కువ పోస్తే ఇంజన్‌కు మంచిదని దోసిళ్లతో పోయడం. ఆయిల్ పెరిగిన మేరకు జెట్టులో పెట్రోలు తగ్గుతుంది. కొలత మారిస్తే జెట్టు కూడా మళ్లీ సరిచూడాలి.

మెయిన్ జెట్టు కుదిరాక సూది. సగం యాక్సిలరేటర్‌లో బండి బరువుగా లాగితే సూది క్లిప్పును ఒక గాడి పైకి, వేడెక్కి టకటకమంటే ఒక గాడి కిందికి మార్చండి. ఎయిర్ స్క్రూ చివరన.

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ గాలి పలచన. ఇక్కడ కుదిర్చిన బండిని చెన్నైకో నెల్లూరికో తీసుకెళితే అక్కడి చిక్కటి గాలికి పెట్రోలు చాలదు. చెన్నై ఎండ గాలిని కొంత పలచబరిచినా ఎత్తు తేడాను పూడ్చలేదు. దిగగానే మెయిన్ జెట్టు కనీసం ఒక సైజు పెంచి, కొత్త ప్లగ్గుతో పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయండి. చెన్నై నుంచి ఇక్కడికి వచ్చేవాళ్లకు ఆ భయం లేదు, బండి పొగ వదులుతూ మందగిస్తుంది. ఒక సైజు తగ్గిస్తే సరి.

మొదటి రోజు పరుగులయ్యాక ఇంజన్ పూర్తిగా చల్లారనిచ్చి, హెడ్ నట్లు టార్క్ రెంచ్‌తో ఐమూలగా మరోసారి బిగించండి.