దొరకని సోల్, ఫోక్, రాక్ రికార్డులు: రీఇష్యూ వినైల్ ఎలా వెతకాలి, ఏం చూసి కొనాలి?

పాత రికార్డు ఎందుకు అరుదవుతుంది? చాలాసార్లు కారణం ఒకటే. వచ్చిన రోజుల్లో దాన్ని ఎవరూ కొనలేదు, కంపెనీ మళ్లీ వేయలేదు. డెట్రాయిట్‌కు చెందిన గాయకుడు రోడ్రిగెజ్ 1970లో ‘కోల్డ్ ఫ్యాక్ట్’ ఆల్బమ్ తెస్తే అమెరికాలో పట్టించుకున్న నాథుడు లేడు. అదే రికార్డు దక్షిణాఫ్రికాలో విపరీతంగా ఆడింది. ఆ కబురు చాలా ఏళ్ల దాకా ఆయనకు చేరలేదు, పాత ఇళ్లు కూల్చే పని చేసుకుంటూ బతికాడు. 2008లో సియాటిల్ కంపెనీ లైట్ ఇన్ ది ఆటిక్ ఆ ఎల్పీని (పూర్తి ఆల్బమ్ ఉన్న పెద్ద రికార్డును) మళ్లీ విడుదల చేసింది, దీన్నే రీఇష్యూ అంటారు. 2012లో ఆయన మీద డాక్యుమెంటరీ వచ్చింది, మరుసటి ఏడాది దానికి ఆస్కార్ దక్కింది. ఇప్పుడు ‘కోల్డ్ ఫ్యాక్ట్’ మామూలు ఎల్పీ ధరకే దొరుకుతుంది.

ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. వాటిని పట్టుకోవడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. అట్ట వెనక చిన్న అక్షరాలు చదివే ఓపిక ఉండాలి.

1. పాటగాడి పేరు పక్కన పెట్టి, లేబుల్ పేరుతో మొదలుపెట్టండి

మీకు తెలియని గాయకుడి పేరు మీరు వెతకలేరు కదా. కానీ పాత రికార్డులు మళ్లీ వేసే మంచి కంపెనీ, అంటే రీఇష్యూ లేబుల్, ఒకటి తెలిస్తే చాలు, వాళ్ల జాబితాయే దారి చూపిస్తుంది. సోల్ (నల్లజాతి అమెరికన్ల పాటల శైలి) కావాలంటే షికాగోలో 2003లో మొదలైన న్యూమెరో గ్రూప్. ‘ఎక్సెంట్రిక్ సోల్’ పేరుతో వాళ్లు తెచ్చిన సిరీస్‌లో మొదటిది, ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో బిల్ మాస్ అనే రేడియో డీజే నడిపిన క్యాప్‌సోల్ అనే బుల్లి లేబుల్ గురించి. డెట్రాయిట్ సోల్ కంపెనీ మోటౌన్ పేరు అందరికీ తెలుసు, కానీ అమెరికాలో ప్రతి ఊళ్లోనూ ఇలాంటి చిన్న లేబుళ్లు పుట్టి మాయమయ్యాయి. లండన్‌లోని ఏస్ రికార్డ్స్, దాని కెంట్ లేబుల్ కూడా సోల్‌కు నమ్మకమైన చిరునామాలు.

రాక్‌కు డ్రాగ్ సిటీ చూడండి. డెట్రాయిట్‌లో హాక్నీ అన్నదమ్ములు ముగ్గురు ‘డెత్’ పేరుతో బ్యాండ్ పెట్టి 1975లో రికార్డ్ చేసిన పాటలు, ఆ లేబుల్ ద్వారా ఆల్బమ్‌గా బయటకు రావడానికి 2009 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటిదాకా ఉన్నదల్లా 500 కాపీలు వేసిన ఒక సింగిల్ (వైపుకో పాట ఉండే చిన్న రికార్డు) మాత్రమే.

నాకు అన్నిటికన్నా నచ్చే ఉదాహరణ డానీ, జో ఎమర్సన్‌లది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఫ్రూట్‌లాండ్ అనే పల్లె. పొలం పనులు చేసుకునే కుటుంబం. టీనేజ్ కొడుకుల పాటల పిచ్చి చూసి తండ్రి అప్పు చేసి మరీ పొలంలోనే స్టూడియో కట్టించాడు. 1979లో ‘డ్రీమిన్ వైల్డ్’ సొంతంగా వేసుకున్నారు. అమ్ముడుపోలేదు. దాదాపు 30 ఏళ్ల తర్వాత ఒక కలెక్టర్‌కు స్పోకేన్‌లో పాత సామాన్ల షాపులో ఒక కాపీ దొరికింది. నోటిమాటగా పాకి 2012లో రీఇష్యూ దాకా వెళ్లింది. అందులో ‘బేబీ’ అనే పాట ఒక్కటి వినండి చాలు.

2. ఒక రికార్డు నుంచి ఇంకో రికార్డుకు వెళ్లండి

అట్ట వెనక నిర్మాత, వాయిద్యకారులు, ఇంజనీర్ పేర్లు ఉంటాయి. ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, ఫోన్‌లో అయినా సరే. ఇంగ్లిష్ ఫోక్ గాయకుడు నిక్ డ్రేక్ 1969 ఆల్బమ్ ‘ఫైవ్ లీవ్స్ లెఫ్ట్’ మీకు నచ్చిందనుకుందాం. నిర్మాత జో బాయిడ్, వయొలిన్ల అమరిక రాబర్ట్ కర్బీ. ఆ ఇద్దరి పేర్లూ పట్టుకుని వెళ్తే 1970లో వచ్చిన వాష్టీ బన్యన్ ‘జస్ట్ అనదర్ డైమండ్ డే’ తగులుతుంది. ఆ ఆల్బమ్ అప్పుడు ఆడక ఆవిడ పాడటమే మానేసింది. 2000లో రీఇష్యూ వచ్చాక కొత్త తరం విని, మళ్లీ పాడించింది. ‘కోల్డ్ ఫ్యాక్ట్’ వెనక కూడా ఇలాంటి దారం ఉంది. నిర్మాతల్లో ఒకడైన డెన్నిస్ కాఫీ మోటౌన్ పాటలకు గిటార్ వాయించినవాడే. అంటే ఒక ఫోక్ రాక్ రికార్డు నుంచి మీరు నేరుగా డెట్రాయిట్ సోల్‌లోకి దిగిపోవచ్చు.

ఏదైనా సరే ముందు స్ట్రీమింగ్‌లో పూర్తిగా వినండి. రెండోసారి వినాలనిపించని ఆల్బమ్‌ను ‘రేర్’ అన్న ఒక్క మాట చూసి కొనడం దండగ.

3. చేతిలో ఉన్నది ఏ ప్రెస్సింగో తేల్చుకోండి

ప్రెస్సింగ్ అంటే ఒక విడతలో అచ్చు వేసిన కాపీలు. రికార్డు మీద చివరి పాటకూ నడుమ అంటించిన లేబుల్ కాగితానికీ మధ్య ఖాళీ పట్టీ ఉంటుంది. వెలుతురులో వంచి చూస్తే అక్కడ నంబర్లు, అక్షరాలు చెక్కి కనిపిస్తాయి. కలెక్టర్లు వీటిని మ్యాట్రిక్స్ నంబర్ అంటారు. దీన్ని డిస్కాగ్స్ అనే రికార్డుల వెబ్‌సైట్‌లో కొడితే ఏ దేశం, ఏ ఏడాది ప్రెస్సింగో తెలుస్తుంది. అదే పేజీలో ఇంతకుముందు ఎంతకు అమ్ముడైందో చరిత్ర కూడా ఉంటుంది. అమ్మేవాడు అడిగే ధర కాదు, ఆ చరిత్ర చూసి బేరమాడండి.

ఈ అక్షరాల్లో మంచి కథలున్నాయి. ఇంగ్లండ్‌లో జార్జ్ పెకమ్ అనే కటింగ్ ఇంజనీర్ (అచ్చుకు మూలమైన డిస్కు మీద గాడి చెక్కేవాడు) తను కట్ చేసిన వాటిమీద ‘పోర్కీ’ అని చేత్తో గీసేవాడు. లెడ్ జెప్లిన్ రెండో ఆల్బమ్ తొలి అమెరికన్ కాపీల మీద ‘ఆర్ఎల్’ అని ఉంటే అది బాబ్ (రాబర్ట్) లుడ్విగ్ కటింగ్. ఆ బేస్ దెబ్బకు చౌక ప్లేయర్ల మీద ముల్లు ఎగిరిపోతోందని మెత్తగా మళ్లీ కట్ చేయించారని చెబుతారు. ఇప్పుడు ఆ మొదటి కటింగ్‌కే గిరాకీ.

ఇంకో సులువైన పరీక్ష: 1970 నాటి ఒరిజినల్ అని చెప్పిన అట్ట మీద బార్‌కోడ్ కనిపిస్తే అది ఒరిజినల్ కాదు.

సోల్ సింగిల్స్‌లో నకిలీలు ఎక్కువ. ఉత్తర ఇంగ్లండ్‌లో 1973 నుంచి 1981 దాకా నడిచిన విగన్ కసీనో లాంటి క్లబ్బుల్లో డీజేలు, పోటీవాళ్లకు తెలియకుండా లేబుల్ మీద కాగితం అంటించి దొంగపేరు చెప్పి ప్లే చేసేవాళ్లు. గిరాకీ అంత ఉంటే దొంగ కాపీలు రాకుండా ఉంటాయా? ఫ్రాంక్ విల్సన్ 1965 సింగిల్ ‘డూ ఐ లవ్ యూ’ ఒరిజినల్ కాపీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉన్నాయి. ఒకటి 2009లో 25 వేల పౌండ్లకు పైగా పలికింది. అదే పాట సంకలనాల్లో భోజనం ఖర్చుతో వస్తుంది.

4. రీఇష్యూను రెండు ప్రశ్నలు అడగండి

శబ్దం ఎక్కడి నుంచి తీశారు? డబ్బు ఎవరికి వెళ్తోంది? మొదటిదానికి జవాబు ‘ఒరిజినల్ టేపుల నుంచి’ అని, మాస్టరింగ్ (శబ్దాన్ని రికార్డుకు తగ్గట్టు సిద్ధం చేయడం) చేసిన మనిషి పేరుతో సహా అట్ట మీద ఉండాలి. టేపు పోయినప్పుడు మంచి కాపీ ఒకటి ప్లే చేసి దాన్నుంచే తీయడం తప్పేం కాదు, కానీ ఆ మాట చెప్పాలి. ఏమీ చెప్పకుండా ‘180 గ్రాములు’ అని మాత్రమే స్టిక్కర్ కొడితే అది డిస్కు బరువే, నాణ్యతకు గ్యారంటీ కాదు.

రెండోది. యూరప్‌లో 1963కు ముందు విడుదలైన రికార్డింగుల మీద హక్కుల గడువు తీరిపోయింది. కాబట్టి అక్కడ ఎవరైనా వాటిని కళాకారుడికి పైసా ఇవ్వకుండా వేయొచ్చు. 1950ల జాజ్, బ్లూస్, తొలి సోల్ ఎల్పీలు మరీ చౌకగా కనిపించడానికి కారణం ఎక్కువగా ఇదే. చట్టప్రకారం తప్పు లేదు. నేనైతే లైసెన్స్ వివరం, ఆ మనిషి కథ రాసిన బుక్‌లెట్ ఉన్నదానికి నాలుగు డబ్బులు ఎక్కువే పెడతాను.

5. సెకండ్‌హ్యాండ్ అయితే కళ్లతో కొనండి

గ్రేడింగ్‌లో మింట్, నియర్ మింట్, వీజీ ప్లస్, వీజీ (వెరీ గుడ్) అని దిగుతూ వస్తుంది. వీజీ దగ్గరికొచ్చేసరికి ప్రతి పాటలోనూ చిటపటలు వినిపిస్తాయి. వీజీ ప్లస్ కన్నా కిందికి వెళ్లకండి, మరీ దొరకనిదైతే తప్ప. కిటికీ వెలుతురులో డిస్కును ఏటవాలుగా పట్టుకోండి. పైపైన వెంట్రుకల్లాంటి గీతలు ఫరవాలేదు, గోటికి తగిలే గీత మాత్రం వద్దు. మధ్య రంధ్రం చుట్టూ లేబుల్ మీద సన్నటి గీతలు గజిబిజిగా ఉంటే చాలాసార్లు వాయించినట్టే.

మన దేశంలో ముంబయి చోర్ బజార్, కోల్‌కతా ఫ్రీ స్కూల్ స్ట్రీట్ పాత రికార్డులకు పేరున్న చోట్లు. ఒకప్పుడు గ్రామఫోన్ కంపెనీ దమ్‌దమ్ ఫ్యాక్టరీలో విదేశీ రాక్ ఎల్పీలు కూడా ప్రెస్ చేసేవాళ్లు. అవి ఇంకా తిరుగుతున్నాయి. విదేశాల నుంచి తెప్పిస్తే షిప్పింగ్, కస్టమ్స్ కలిపి లెక్కేసుకున్నాకే ఆర్డర్ పెట్టండి. అమెరికాలో బంధువులుంటే వచ్చేటప్పుడు తెమ్మని చెప్పడం మనకు అలవాటే కదా. చెక్-ఇన్ పెట్టెలో కాకుండా చేతి సంచిలో తెమ్మనండి.

6. మన ఎండకూ వానకూ తగ్గట్టు దాచండి

సూట్‌కేస్ ప్లేయర్లలో ముల్లు బరువు ఎక్కువ, గాడి త్వరగా అరుగుతుంది. ముల్లు మార్చుకునే వీలు, బరువు సరిచేసే వీలు ఉన్న టర్న్‌టేబుల్ తీసుకోండి. ఆడియో టెక్నికా వీఎం95ఈ లాంటి కార్ట్రిడ్జ్‌కు (ముల్లు అమర్చి ఉండే భాగానికి) 2 గ్రాములు చాలు.

మే నెలలో కారులో అరగంట వదిలేసినా డిస్కు వంగిపోతుంది. ఎప్పుడూ నిలబెట్టే పెట్టండి, దొంతరగా ఒకదానిమీద ఒకటి వద్దు. వానాకాలంలో అట్టకు బూజు పడుతుంది కాబట్టి సిలికా జెల్ పొట్లాలు వేయండి. దుమ్ముకు కార్బన్ ఫైబర్ బ్రష్, మరకకు డిస్టిల్డ్ వాటర్. తాతల నాటి 78 రికార్డులు ఇంట్లో ఉంటే వాటికి ఆల్కహాల్ కలిపిన ద్రవం తగలనివ్వకండి, అవి లక్కతో చేసినవి, కరిగిపోతాయి.

కొత్త రీఇష్యూ ఇంటికి రాగానే సీలు విప్పి రెండు వైపులా మొత్తం వాయించండి. ముఖ్యంగా ఒక్కోవైపు చివరి పాట. రంధ్రం పక్కకు జరిగి రాగం ఊగుతున్నా, చిరిగినట్టు గరగర వస్తున్నా అది ప్రెస్సింగ్ లోపమే. రిటర్న్ గడువు దాటకముందే షాపుకు రాయండి.