పాత నేరం మీద ఇప్పుడు కేసు పెట్టాలంటే
"ఇరవై ఏళ్లయింది, ఇంకేం కేసులే" అని కావలిలోనో ఒంగోలులోనో ఎవరైనా అంటే నమ్మొద్దు. మూడేళ్ల వరకు జైలు పడే నేరాలకే గడువుంది, హత్యకు, అత్యాచారానికి లేదు. నేరం చేసినవాడు ముసలివాడయ్యాడు, వదిలేయమంటారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి కూడా ముసలిదైంది, ఆమె బాధేమైనా తగ్గిందా?

ముందు గుర్తున్నదంతా తేదీలతో, సాక్షుల పేర్లతో రాసుకోండి, పాత ఆసుపత్రి చీటీలు, ఫొటోలు పారేయకండి, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేకపోయారో ఫిర్యాదులోనే వివరంగా రాయండి, ఎందుకంటే అవతలి లాయరు పట్టుకునేది ఆ ఆలస్యాన్నే. కొత్త నేర చట్టం అమల్లోకొచ్చిన 2024 జూలై 1కి ముందు జరిగినదైతే పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) సెక్షన్లే పడతాయి, టెన్షన్ వద్దు. స్టేషన్లో తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అప్పటికీ కదలకపోతే ఆ రసీదుతోనే మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లండి.