పాత లాప్‌టాప్ అమ్మే ముందు ఒక్క పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి

విండోస్ 10కి మామూలు సపోర్ట్ (సెక్యూరిటీ అప్‌డేట్లు వగైరా) 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కదా, బెంగళూరులో మా మారతహళ్లి పీజీ హాస్టల్లో సగం మంది కొత్త లాప్‌టాప్ కావాలని ఇంటికి ఫోన్లు చేసి నాన్నల్ని పీక్కుతింటున్నారు, బాబూ ఒక్క నిమిషం ఆగండి. 8జీబీ పెన్‌డ్రైవ్ తీసుకుని (అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, ముందే కాపీ చేసుకోండి) లినక్స్ మింట్ (విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఐఎస్ఓ ఫైల్ దింపి, ఎచర్ అనే సాఫ్ట్‌వేర్‌తో పెన్‌డ్రైవ్ మీదకి ఎక్కించి, ఆన్ చేసేటప్పుడు ఎఫ్12 నొక్కి లాప్‌టాప్ ఆ పెన్‌డ్రైవ్ నుంచే మొదలయ్యేలా (బూట్) చేయండి, కొన్ని మోడల్స్‌లో ఎఫ్9 గానీ ఎస్కేప్ గానీ ఉంటుంది. ఇన్‌స్టాల్ నొక్కనంతవరకు మీ డిస్క్ జోలికి పోదు, కాబట్టి భయం లేకుండా వైఫై, సౌండ్, కెమెరా అన్నీ పనిచేస్తున్నాయా లేదా చూసుకోవచ్చు. పెన్‌డ్రైవ్ నుంచి కాబట్టి కాస్త నత్తనడకే, అది చూసి తిట్టుకోకండి. నచ్చితే బ్యాకప్ తీసుకుని ఎక్కించుకోండి, ఇంకా పాత హార్డ్‌డిస్కే ఉంటే మా ఊరి ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్‌లో ఒక ఎస్ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కంటే వేగంగా పనిచేసే డిస్క్) కొని వేయించండి, తేడా మీకే తెలుస్తుంది. నా డబ్బుతో కొన్న మిషన్ ముసలిదైందో లేదో వేరేవాడు చెప్పడమేంటి అని నాకు మొదట్నుంచీ మంట. ఒకటి మాత్రం చూసుకోండి, కొన్ని ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్లు విండోస్‌లోనే నడుస్తాయి, సెమిస్టర్ మధ్యలో మాత్రం ఈ ప్రయోగం వద్దు.