విలీనం తరువాత రెండు సంస్థలను కలపడం: ఏది ఎప్పుడు, ఎవరు నిర్ణయించాలి

విలీనానికి చట్టం ఒక తేదీ ఇస్తుంది, కానీ సంస్థలు ఆ ఒక్క రోజున కలిసిపోవు. ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న, అంటే లాక్‌డౌన్ మొదలైన వారానికే, యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమయ్యాయి. మచిలీపట్నంలో 1923లో మొదలైన ఆంధ్రా బ్యాంకు ఆ రోజుతో చట్టరీత్యా లేకుండా పోయినా, ‘ఏఎన్‌డీబీ’ అక్షరాలతో మొదలయ్యే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు మరో ఏడాది, 2021 మార్చి 31 వరకు చెల్లాయి. మూడు బ్యాంకులూ ఖాతాలూ లావాదేవీలూ నడపడానికి ఫినకిల్ అనే సాఫ్ట్‌వేర్‌నే వాడుతున్నాయన్న సంగతిని 2019 ఆగస్టులో విలీనం ప్రకటించినప్పుడే ప్రభుత్వం అనుకూలాంశంగా చెప్పింది. అయినా శాఖలన్నింటినీ ఒకే వ్యవస్థ కిందికి తేవడానికి నెలలు పట్టింది. కాబట్టి ప్రణాళిక రాయడానికి కూర్చున్నప్పుడు చట్టపరమైన తేదీ, కంప్యూటర్ వ్యవస్థలు కలిసే తేదీ, పాత చెక్కులూ కోడ్‌లూ ఆగిపోయే తేదీ అని మూడింటినీ విడివిడిగా రాసుకుని, వాటి మధ్య కాలంలో ఖాతాదారుకు ఎవరు జవాబు చెప్పాలో పక్కనే పేర్కొనాలి.

అనుమతులు రాకముందు ప్రణాళిక వేసుకోవచ్చు గానీ అమలు చేయకూడదు. మార్కెట్లో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ ఆమోదం అవసరమైన ఒప్పందాల్లో, అది రాకముందే రెండు కంపెనీల అమ్మకాల విభాగాలు ధరల పట్టికలు ఇచ్చిపుచ్చుకుంటే జరిమానా పడే ప్రమాదం ఉంది. అటువంటి సమాచారం చూడక తప్పనప్పుడు, రోజువారీ వ్యాపారంతో సంబంధం లేని కొద్దిమందితో, వీలైతే బయటి నిపుణులతో, ఒక ప్రత్యేక బృందాన్ని ఏర్పరచి, వారి నుంచి క్రోడీకరించిన ఫలితాలను మాత్రమే తీసుకోవాలి. కంపెనీల చట్టం 2013లోని 230 నుంచి 232 వరకు సెక్షన్ల కింద విలీనాన్ని ఆమోదిస్తూ జాతీయ కంపెనీ చట్ట ట్రిబ్యునల్ ఉత్తర్వు అందాక, దాని ధ్రువీకృత ప్రతిని 30 రోజుల్లో కంపెనీల రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. విలీనమైన కంపెనీ దగ్గర మిగిలిన జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొనుగోళ్లపై కట్టిన పన్నులో ఇంకా సర్దుబాటు చేసుకోని మొత్తాన్ని) ఐటీసీ-02 ఫారంతో బదిలీ చేయాలి. ఇవి కంపెనీ సెక్రటరీ, ఆడిటరు చూసుకునే పనులే అయినా, గడువులు సమన్వయ ప్రణాళికలో కనిపించాలి.

అసలు చిక్కు పాలనలో వస్తుంది. సాధారణంగా పెద్దల కమిటీ ఒకటి వేసి, దాని కింద ఆర్థికం, మానవ వనరులు, ఐటీ, అమ్మకాలు అంటూ ఉపకమిటీలు పెడతారు. వారంవారం సమావేశాలు జరుగుతాయి, వాటి మినిట్స్ (చర్చల నమోదు) పెరుగుతాయి, నిర్ణయాలు మాత్రం వచ్చే వారానికి వాయిదా పడతాయి. కమిటీల సంఖ్య కన్నా నిర్ణయాల రిజిస్టరు ముఖ్యమని నా అభిప్రాయం. అందులో ఒక వరుస ఇలా ఉండాలి: ‘సెలవుల లెక్క: ఒక కంపెనీలో జనవరి నుంచి డిసెంబరు, మరొక దానిలో ఏప్రిల్ నుంచి మార్చి. ఏది ఉంచాలి? నిర్ణయించేది మానవ వనరుల అధిపతి. సంప్రదించవలసింది ఆర్థిక విభాగాన్ని. గడువు నెలాఖరు. తేలకపోతే రెండు పనిదినాల్లో సమన్వయాధికారికి.’ నిర్ణయించేవారి గడిలో ఒక్క పేరే ఉండాలి. ఇద్దరి పేర్లు రాస్తే ఎవరూ నిర్ణయించరు.

ఈ కలిపే పనంతటినీ నడిపించే సమన్వయాధికారిని పూర్తికాలం ఆ పనికే కేటాయించాలి. ఉన్న ఉద్యోగానికి తోడు ఇదీ చూసుకొమ్మని అప్పగించే అలవాటు మన దగ్గర ఎక్కువ, త్రైమాసికం చివర లక్ష్యాల ఒత్తిడి వచ్చేసరికి మొదట వెనకబడేది ఈ పనే. ఎంత మొత్తం వరకు ఆ అధికారి స్వయంగా ఖర్చు చేయవచ్చో, ఏ విషయాలు బోర్డుకే వెళ్లాలో బోర్డు తీర్మానంలోనే రాయించుకోవాలి.

ఉద్యోగులకు మొదట చెప్పవలసింది కొత్త లోగో గురించి కాదు. జీతం ఏ తేదీన పడుతుంది, భవిష్యనిధి ఖాతా, గ్రాట్యుటీ కోసం లెక్కించే పాత సర్వీసు ఏమవుతాయి, ఎవరి కింద పనిచేయాలి అన్న ప్రశ్నలకు రాతపూర్వక జవాబులు మొదటి రోజుకే సిద్ధంగా ఉండాలి. జవాబు ఇంకా తేలని చోట, ఏ తేదీకి చెబుతారో రాయాలి.

సమన్వయ కార్యాలయాన్ని మూసే తేదీ కూడా మొదటి ప్రణాళికలోనే ఉండాలి. ఆ రోజుకు రిజిస్టరులో మిగిలిన వరుసలను సంబంధిత విభాగాధిపతులకు పేరుపేరునా అప్పగించి, వారి సంతకాలు తీసుకున్న తరువాతే కమిటీని రద్దు చేయాలి.