లాంగ్ టర్మ్ కేర్ అడ్మినిస్ట్రేషన్ డిగ్రీలో చేరే ముందు ఏం చూస్కోవాలంటే

మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే డెలివరీలు, చిన్నాచితకా ఆపరేషన్లు చేసే ప్రైవేటు ఆస్పత్రి. అమెరికాలో అది కాదు, సొంతంగా లేచి నడవలేని పెద్దవాళ్లు నెలల తరబడి, ఏళ్ల తరబడి ఉండే చోటు, తుంటి ఆపరేషన్ అయ్యాక థెరపీకి వచ్చి కొన్ని వారాల్లో ఇంటికెళ్లిపోయేవాళ్లు కూడా అక్కడే ఉంటారు. దాన్ని నడిపే మనిషిని అడ్మినిస్ట్రేటర్ అంటారు, ఆ పనికి పనికొచ్చే చదువే ఇది. హాస్పిటల్ మేనేజ్‌మెంట్ లాంటిదేలే అనుకుని చేరితే తర్వాత తలపట్టుకోవాల్సి వస్తది, ఎందుకంటే చేతిలో డిగ్రీ ఉన్నంత మాత్రాన నర్సింగ్ హోమ్ అప్పజెప్పరు, లైసెన్స్ కావాలి.

ఈ లైసెన్స్ రూలు 1967లో సోషల్ సెక్యూరిటీ చట్టానికి చేసిన సవరణలతో వచ్చింది. ఇచ్చేది మాత్రం రాష్ట్రాలే, ఏం చదవాలి, ఎన్ని గంటలు ట్రైనింగ్ చెయ్యాలి అన్నది ఏ రాష్ట్రం లెక్క దానిదే. అందుకని కాలేజీల సైట్లు తిరగేస్తూ మొదలుపెట్టకండి, రివర్స్‌లో రండి. ఉద్యోగం ఏ రాష్ట్రంలో చేద్దామనుకుంటున్నారో ముందు ఆ రాష్ట్రం లైసెన్సింగ్ బోర్డు సైటు తెరిచి, ఏ డిగ్రీ అయినా చాలా లేక ఫలానా కోర్సులు ఉండాలా, ఏఐటీ అంటే అడ్మినిస్ట్రేటర్ ఇన్ ట్రైనింగ్ ఎన్ని గంటలు, కాలేజీలో చేసిన ఇంటర్న్‌షిప్ ఆ గంటల్లో కలుస్తదా లేదా, ఇవి రాసుకోండి. కాలిఫోర్నియాలో ఏఐటీ 1000 గంటలు, అంటే వారానికి 40 గంటల చొప్పున దాదాపు ఆరు నెలలు. ఆ ఆరు నెలలు చదువులోనే అయిపోతాయా, పట్టా చేతికొచ్చాక మళ్లీ మొదలుపెట్టాలా అన్నది చిన్న తేడా ఏం కాదు.

పరీక్ష పెట్టేది న్యాబ్ అనే సంస్థ, రాష్ట్రాల బోర్డులన్నీ కలిసి పెట్టుకున్నది. అందులో అందరికీ కామన్‌గా కోర్ పేపర్ ఒకటి, దాని మీద నర్సింగ్ హోమ్, అసిస్టెడ్ లివింగ్ (కొంచెం సాయంతో పెద్దవాళ్లు ఉండే ఇళ్లు), ఇళ్ల దగ్గర ఇచ్చే సర్వీసులు, వీటిల్లో మీకు కావల్సిన లైన్‌ది ఇంకోటి. చాలా రాష్ట్రాలు తమ చట్టాల మీద సొంత పరీక్ష కూడా పెడతాయి. ఇదే న్యాబ్ కాలేజీ ప్రోగ్రాములకి గుర్తింపు కూడా ఇస్తది, ఆ గుర్తింపు ఉన్న ప్రోగ్రాములో చదివితే హెల్త్ సర్వీసెస్ ఎగ్జిక్యూటివ్ అనే అర్హతకి దారి సులువవుద్ది, తర్వాత వేరే రాష్ట్రానికి మారాల్సి వస్తే దాన్ని ఒప్పుకునే చోట బాగా పనికొస్తది. బ్యాచిలర్స్‌కి ఏయూపీహెచ్ఏ, మాస్టర్స్‌కి సీఏహెచ్ఎంఈ అని వేరే ముద్రలు ఉంటాయి, మంచివే, కాకపోతే అవి మొత్తం హెల్త్ అడ్మినిస్ట్రేషన్‌ని చూసి ఇచ్చేవి, అవి ఉన్నాయి కదా అని న్యాబ్‌ది కూడా ఉన్నట్టే అనుకోకండి.

నన్నడిగితే అసలు చూడాల్సింది ఇంటర్న్‌షిప్పే, మిగతా అన్నీ దాని తర్వాతే. విస్కాన్సిన్ యూనివర్సిటీ ఓ క్లెయిర్ క్యాంపస్‌లో దాదాపు ఏడాది పాటు ఫెసిలిటీలోనే ఉంచి నేర్పిస్తారు, ఈ ఫీల్డ్‌లో దానికి అంత పేరు రావడానికి అదొక కారణం. మీరు చూస్తున్న కాలేజీకి ఫోన్ చేసి సూటిగా అడగండి. ప్రిసెప్టర్‌ని, అంటే మీకు పని నేర్పే అడ్మినిస్ట్రేటర్‌ని, వాళ్లు చూపిస్తారా మీరే వెతుక్కోవాలా? ఆ మనిషిని రాష్ట్రం బోర్డు ఒప్పుకుంటదా? జీతం ఏమైనా ఇస్తారా? వంటగది, లాండ్రీ, బిల్లింగ్, నర్సింగ్, మెయింటెనెన్స్, అడ్మిషన్లు అన్నీ తిప్పుతారా, లేక రిసెప్షన్‌లో ఫోన్లు ఎత్తడానికి కూర్చోబెడతారా? "అది స్టూడెంటే చూస్కుంటారండీ" అన్నారంటే ఆ కాలేజీ నాకైతే సగం కొట్టేసినట్టే, కోర్సు ఆన్‌లైన్ అయితే ఇంకా గట్టిగా అడగాలి, ఎందుకంటే పాఠాలు ఇంట్లో కూర్చుని వినొచ్చు గానీ ఏఐటీ ఇంట్లో కూర్చుని చెయ్యలేరు కదా.

సిలబస్‌లో జెరంటాలజీ (ముసలితనం గురించిన చదువు), హెచ్ఆర్, చట్టం ఎలాగూ ఉంటాయి, డబ్బు సంగతి ఎంత లోతుగా చెప్తారో చూడండి. మెడికేర్, అంటే ముఖ్యంగా 65 దాటినవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్, నర్సింగ్ హోమ్ ఖర్చు ఒక బెనిఫిట్ పీరియడ్‌లో (ఒక విడత వైద్యానికి) 100 రోజుల వరకే ఇస్తది, అందులో మొదటి 20 రోజులే పూర్తిగా, 21వ రోజు నుంచి పేషెంట్ వాటా పడుద్ది, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఉండేవాళ్లలో ఎక్కువమందికి కట్టేది మెడికెయిడ్, అంటే డబ్బు లేనివాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్. ఈ రెండింటి మధ్య నర్సింగ్ హోమ్ ఎలా నిలబడుద్దో తెలియకుండా బయటికొస్తే మొదటి బడ్జెట్ మీటింగ్‌లోనే దొరికిపోతారు. ఇంకో కిటుకు చెప్తా, "క్లాసులో 2567 చదివిస్తారా" అని అడగండి. ఇన్‌స్పెక్షన్ టీమ్ చెప్పాపెట్టకుండా వచ్చి తప్పులు రాసిచ్చే ఫారం అది, అది చేతికందిన 10 రోజుల్లో ఎలా సరిచేస్తారో రాసివ్వాలి. అసలైనవి తెచ్చి స్టూడెంట్ల చేత జవాబు రాయించే ప్రొఫెసర్ ఉన్నాడంటే అతను ఈ పని చేసొచ్చినవాడే అయ్యుంటాడు.

ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా మీద వచ్చేవాళ్లకి ఇంకో లెక్క ఉంది. కోర్సులో భాగంగా బయట చేసే ఇంటర్న్‌షిప్‌కి ముందే సీపీటీ అనే అనుమతి తీసుకోవాలి, చదువుకి సంబంధించిన పని చేసుకునే ఓపీటీ 12 నెలలే, సైన్స్, టెక్నాలజీ లాంటి సబ్జెక్టులకి ఇచ్చే స్టెమ్ పొడిగింపు హెల్త్ అడ్మినిస్ట్రేషన్‌కి మామూలుగా రాదు, కాలేజీ ఇచ్చే ఐ-20 ఫారం మీద మీ కోర్సుకి ఏ కోడ్ వేస్తారో ముందే అడగండి. ఏఐటీ డిగ్రీ లోపల లేకపోతే ఆ 12 నెలల్లో సగం దానికే పోతది, లైసెన్స్ వచ్చేసరికి టైమ్ ఎంత మిగులుద్దో మీరే లెక్కేసుకోండి.

ఫీజు సంగతి అందరికీ తెలిసిందే, పక్క రాష్ట్రం ప్రైవేటు కాలేజీ కన్నా సొంత రాష్ట్రం పబ్లిక్ యూనివర్సిటీ చవక, దాని మీద ఎక్కువ చెప్పడానికి ఏం లేదు.

డిపాజిట్ కట్టే ముందు మాత్రం ఒక పని చెయ్యండి. మెడికేర్ వాళ్ల కేర్ కంపేర్ సైట్‌లో మీ దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోమ్స్ స్టార్లు చూసి, ఐదు స్టార్లది ఒకటి, ఒకటో రెండో ఉన్నది ఒకటి, రెండింటికీ ఫోన్ చేసి వాలంటీర్‌గా వస్తామని అడగండి. వెళ్తే ఆదివారం సాయంత్రం వెళ్లండి, సోమవారం పొద్దున అన్నీ సర్దేసి ఉంటాయి. భోజనాల టైమ్‌లో కాల్ లైట్ (సాయానికి బటన్ నొక్కితే వెలిగేది) వెలిగాక ఎంతసేపటికి ఎవరొస్తున్నారో చూడండి, వీలైతే అడ్మినిస్ట్రేటర్‌ని కలిసి, రాత్రి షిఫ్ట్‌కి ఇద్దరు ఎయిడ్‌లు, అంటే పెద్దవాళ్లని చూసుకునే సహాయకులు, రాకపోతే మీరేం చేస్తారని అడగండి. ఆ జవాబు విన్నాక కూడా ఆ కుర్చీలో కూర్చోవాలనిపిస్తే అప్పుడు అప్లికేషన్ నింపండి.