సముద్రం కింద కరెంటు, 6వ పాఠం: 33 నుంచి 132 కేవీకి పెంచితే

పోయిన పాఠం లెక్కకు హన్మకొండ నుంచి, పెద్దపల్లి నుంచి, మంచిర్యాల నుంచి ఒకటే జవాబు: 104 యాంపియర్లు. తప్పు. అందుకే ఇవాళ చెప్పాల్సిన వోల్టేజీ పెంపు కాసేపు ఆగాలి.

లెక్క ఇది: 33 కేవీ (కిలోవోల్టులు), 50 హెర్ట్జ్, 50 కిలోమీటర్ల కేబుల్, కిలోమీటరుకు 0.2 మైక్రోఫారడ్ కెపాసిటెన్స్ (చార్జ్ పట్టి ఉంచే గుణం). చార్జింగ్ కరెంటు, అంటే లోడు లేకున్నా కేబుల్ నిండటానికే తీసుకునే కరెంటు, ఎంత? మీరు సూత్రంలో (2π × హెర్ట్జ్ × ఫారడ్లు × వోల్టులు) వోల్టుల చోట 33,000 పెట్టారు. పెట్టాల్సింది 19,050.

కేబుల్ జాయింట్ వేసే చోట కోసి పక్కన పడేసిన ముక్క దొరికితే అడ్డంగా చూడండి. మధ్యలో కండక్టర్, దాని చుట్టూ పలచటి నల్ల పొర, తర్వాత తెల్లటి ఎక్స్‌ఎల్‌పీఈ ప్లాస్టిక్ ఇన్సులేషన్, మళ్ళీ నల్ల పొర, దాని మీద రాగి టేపు. మూడు కోర్లుంటే మూడింటికీ ఎవరి టేపు వారికే ఉంటుంది, ఆ టేపు ఎర్త్ అయి ఉంటుంది. అంటే కెపాసిటర్‌కు ఒక ప్లేటు కండక్టర్, రెండోది టేపు. పక్క కోర్‌తో దీనికి లావాదేవీ లేదు. ఇన్సులేషన్ మీద పడేది ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య ఉన్న వోల్టేజీ. 33 అనేది రెండు ఫేజుల మధ్యది, దాన్ని 1.732తో భాగించండి, 19.05. "త్రీ ఫేజ్ కదా సార్" అని మళ్ళీ రాయకండి. త్రీ ఫేజే, కానీ మూడు విడి కెపాసిటర్లు. జవాబు 60 యాంపియర్లు.

నేనైతే అంత దూరం పోను. లైన్ కేవీని మైక్రోఫారడ్‌తో, ఆపైన 0.18తో గుణిస్తాను. 33 × 0.2 × 0.18 అంటే కిలోమీటరుకు సుమారు 1.2 యాంపియర్లు. భాగహారం ఆ 0.18లోనే కలిసిపోయింది.

ముంబై దగ్గరి ఎలిఫెంటా దీవికి 2018లో 22 కేవీ సముద్రపు కేబుల్‌తో కరెంటు వచ్చింది. ఏడున్నర కిలోమీటర్లే. మన 0.2నే వాడితే 6 యాంపియర్లు, తలనొప్పే లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మన లెక్కలోని 50 కిలోమీటర్ల కేబుల్ ఒక దీవికి పోతోందనుకోండి. అక్కడ లోడు పెరిగింది, పాత కేబుల్ చాలడం లేదు. పాతదాన్ని 132 మీద నడపలేం, ఇన్సులేషన్ ఆగదు, కాబట్టి కొత్తది వేయాలి. 400 యాంపియర్ల కేబుల్ 33 మీద 23 ఎంవీఏ (మెగావోల్ట్ యాంపియర్లు, కేబుల్ మోయగల మొత్తం పవర్) మోస్తే 132 మీద 91 మోస్తుంది, నాలుగు రెట్లు. బాగానే ఉంది. కానీ చార్జింగ్ ఎంవీఏఆర్ (పనికి రాకుండా కేబుల్ నింపడానికే పోయే పవర్) వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది: 3.4 ఉన్నది 55 దాకా పోతుంది, పదహారు రెట్లు. (ఇన్సులేషన్ మందమైతే కెపాసిటెన్స్ కొంత తగ్గుతుంది, లెక్క సులువుగా ఉండాలని 0.2నే ఉంచాను.)

యాంపియర్లలో అది 239. నాలుగు వందల్లోంచి తీసేసి 161 మిగిలిందనకండి. చార్జింగ్ కరెంటు వోల్టేజీ కంటే 90 డిగ్రీలు ముందుంటుంది, వర్గాలతోనే తీసేయాలి: 400 వర్గంలోంచి 239 వర్గం తీసి, వర్గమూలం. మిగిలేది 320. రెండు చివర్లా షంట్ రియాక్టర్లు (చార్జింగ్ కరెంటును సరిపెట్టే పెద్ద కాయిల్స్) పెడితే భారం చెరి సగమవుతుంది, 382 దక్కుతాయి. నా ఓటు ఎప్పుడూ రెండు చివర్లకే, ఒకే వైపు పెట్టి పొదుపు చేసే డిజైన్లు నాకు నచ్చవు.

దూరం ఇంకా పెరిగితే డీసీనే దారి. స్వీడన్ వాళ్ళు గోట్లాండ్ దీవికి 1954లోనే సుమారు వంద కిలోమీటర్ల డీసీ కేబుల్ వేశారు, 100 కేవీ, 20 మెగావాట్లు. డీసీలో కేబుల్ ఒకసారి చార్జ్ అయితే చాలు, సెకనుకు యాభై సార్లు నింపి ఖాళీ చేసే పని ఉండదు. కన్వర్టర్ల ఖర్చు మాత్రం మామూలుగా ఉండదు, అది వచ్చే పాఠంలో.

అభ్యాసం: ఇదే 132 కేవీ కేబుల్‌ను ఒకే చివర నుంచి చార్జ్ చేస్తూ ఎంత దూరం లాగితే దీవికి ఒక్క యాంపియర్ కూడా మిగలదు? నాకు 83 కిలోమీటర్లు దాటి వచ్చింది. రెండు చివర్లా రియాక్టర్లు పెట్టి మళ్ళీ చేయండి. ఆ తర్వాత 220 కేవీకి, అక్కడ కిలోమీటరుకు 0.15 మైక్రోఫారడ్ తీసుకోండి. స్టెప్పులన్నీ రాసి పంపండి, ఉత్త అంకె పంపితే చూడను.