కాలేజీకి ఫుట్‌బాల్ కోచ్‌ని ఎలా వెతకాలి

ప్రకటన వేసేలోపే సగం పేర్లు ఫోన్లలో తిరిగేస్తాయి. పీడీగా, అంటే ఫిజికల్ డైరెక్టర్‌గా, మా కాలేజీకి రెండుసార్లు కోచ్‌ని వెతికాను. ప్రిన్సిపాల్‌గారి దగ్గరికి ఎవరి సిఫార్సు వచ్చిందో ముందే అడిగేయండి. ఏఐఎఫ్ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) కోచింగ్ లైసెన్స్ చూడాలి, సరే. అసలు పరీక్ష గ్రౌండ్‌లోనే. పొద్దున ఆరింటికి వచ్చిన అభ్యర్థికి పిల్లల్ని అప్పగించి, గంటసేపు పక్కన కూర్చోండి. తప్పు పాస్ ఇచ్చినవాణ్ణి తిట్టారా, ఆట ఆపి చూపించారా? బెంచీ మీది కుర్రాడితో మాట్లాడారా? నాకు ఇదే ముఖ్యం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టును నాలుగో స్థానానికి చేర్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ హైదరాబాద్‌లో బడి పంతులుగా చేసినవారే. అభ్యర్థి పాత టీమ్ పిల్లలకు ఫోన్ చేయండి. జీతం, గ్రౌండ్ వేళలు, ప్రయాణ ఖర్చులు కాగితం మీద పెట్టండి. మొదటిసారి మేం పెట్టలేదు. టోర్నమెంట్‌కు వారం ముందు కోచ్ వెళ్లిపోయారు.